పెడల్ అదనపు సామాను కాదు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని సంపాదక తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు హాస్టల్ జ్ఞాపకాలే రాద్దామనుకున్నాం. కాని ఆ జ్ఞాపకాలు మాకంటే బాగా రాసే అన్నలు చాలామంది ఉన్నారు. సాంబారులో పప్పు వెతుక్కున్న కథ, ట్రంకు పెట్టె తాళంచెవి పోయిన కథ ప్రతి సంచికలోనూ వస్తూనే ఉన్నాయి, ఇక ముందూ వస్తాయి. మేము మాత్రం ఈసారి భోజనాల హాలు మూలలో పాత దుప్పటి కప్పుకొని ఉన్న ఒక వస్తువు గురించి రాయదలచుకున్నాం. దాని సంగతి ఈ ఏడాదే తేలిపోబోతోంది. ఇప్పుడు రాయకపోతే తర్వాత రాసి లాభం లేదు.

ఆ వస్తువు మన డిజిటల్ పియానో. దాన్ని మార్పిడికి ఇచ్చేసి రిథమ్‌లు, వందల రకాల ధ్వనులు ఉన్న కీబోర్డు తెద్దామని పూర్వ విద్యార్థుల్లో కొందరు అన్నలు ప్రతిపాదించారు. "దీనికి పెడల్ కూడా లేదు, ఎఫెక్టులు నాలుగే, స్టేజీ మీద తేలిపోతోంది" అన్నది వారి వాదన. వారికి హాస్టల్ మీద ఉన్న ప్రేమను మేము శంకించడం లేదు. కాని మా అభిప్రాయం వేరు. పియానో ఉండాలి. దానికి పెడల్ కొనాలి. ఎఫెక్టులు ఎప్పుడు వాడాలో, ఎప్పుడు ఆపాలో తమ్ముళ్లకు నేర్పాలి. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

అది మన దగ్గరికి వచ్చిన తీరు

కొత్తగా చేరిన తమ్ముళ్లకు ఈ సంగతి తెలియకపోవచ్చు. మేము డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉండగా, ఉద్యోగాలొచ్చిన అన్నలు తలా కొంత వేసుకొని ఈ పియానోను సెకండ్ హ్యాండులో కొని పంపారు. ఆటోలోంచి దించుతుంటే వంట బాబాయి "ఇదేం పెట్టెరా నాయనా, ఇద్దరు పట్టినా కదలడం లేదు" అన్నాడు. మొత్తం 88 మెట్లు. తెల్లవి 52, నల్లవి 36. అంతవరకు మేము చూసినవన్నీ 61 మెట్ల కీబోర్డులే. దీని మెట్టు బరువుగా దిగుతుంది. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలుకుతుంది. ఆ ఒక్క తేడాకే మేము వారం రోజులు ఆశ్చర్యపోయాం.

స్టాండు రాలేదు. రెండు స్టడీ బల్లలు కలిపి వాటి మీద పెట్టాం. పెడల్ కూడా రాలేదు. "అది విడిగా కొనుక్కోవాలి, లేకపోయినా వాయించుకోవచ్చు" అని అమ్మినవాళ్లు చెప్పారట. డబ్బులు అక్కడికే బొటాబొటీగా సరిపోవడంతో పెడల్‌ను అదనపు సామాను కింద లెక్కేసి వదిలేశారు. ఇది అన్నల తప్పు కాదు. అప్పట్లో దాని విలువ మాకూ తెలియదు.

నేర్పే మాస్టారు లేరు. మాలో ఒకరికి చర్చిలో కీబోర్డు వాయించిన అలవాటు ఉంది. ఒకరికి వాళ్ల ఊరి భజన హార్మోనియం తెలుసు. ఇంకొకరి మేనమామ పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవాడు. మిగిలినవాళ్లం డప్పు మీద చెయ్యి పడినవాళ్లం. స్టడీ అవర్ అయ్యాక ఫోన్‌లో వీడియోలు చూసి, పక్కపక్కన కూర్చొని ఒకరి తప్పు ఒకరం దిద్దుకుంటూ నేర్చుకున్నాం. ఈ వ్యాసంలో మేము అంటే ఆ బల్లల చుట్టూ కూర్చున్నవాళ్లం. రాస్తున్నది ఒక్క చెయ్యే అయినా మాటలు అందరివీ.

"పాట ఏది బాబూ?"

డిగ్రీ రెండో ఏట యువజనోత్సవాలకు వెళ్లాం. మేము చేసిన ఘనకార్యం ఇక్కడ దాచకుండా చెబుతాం. దాని నుంచే మాకు ఈ అభిప్రాయాలు పుట్టాయి.

పాట బాగా వచ్చిందనే నమ్మకంతో వెళ్లాం. రెవెర్బ్‌ను "హాల్" మీద పెట్టి చివరిదాకా పెంచాం. పియానో ధ్వని మీద స్ట్రింగ్స్ కలిపాం. తెలిసినవాళ్ల దగ్గర ఒక పెడల్ అరువు తెచ్చుకొని, మొదటి స్వరం నుంచి చివరి స్వరం దాకా తొక్కిపట్టాం. ఇయర్‌ఫోన్స్‌లో వింటే అది సినిమా రీరికార్డింగులా ఉండేది. తీరా అక్కడ చూస్తే పోటీ జరిగేది ఎత్తైన పైకప్పు ఉన్న పెద్ద ఆడిటోరియంలో. ఆ గదికే సొంతంగా ప్రతిధ్వని ఉంది. మైక్‌సెట్టు అతను అందరి పాటలకూ కలిపినట్టే మా దానికీ తన వంతు ఎకో కలిపాడు. అంటే ఒక్క పాటకు మూడు ప్రతిధ్వనులు, దాని మీద వదలని పెడల్. స్వరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి, ఏ కూరో తెలియని కలగూరగంపలా బయటికి వచ్చింది. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో పెద్దాయన కళ్లజోడు తీసి, "అంతా బాగానే ఉంది, పాట ఏది బాబూ?" అని అడిగారు. హాలంతా నవ్వింది.

ఆ రోజు వాయించినవాడు రెండు నెలలు పియానో మీది దుప్పటి తీయలేదు. వాడెవడో ఇక్కడ చెప్పం. రెండు నెలల తర్వాత ఒక ఆదివారం ఎఫెక్టులన్నీ ఆపేసి, పెడల్ లేకుండా, అదే పాట మెల్లగా వాయించాడు. ఎడమచెయ్యి నాలుగు చోట్ల తప్పు పడుతోంది. ఆ నాలుగు తప్పులూ మొదటి రోజు నుంచీ ఉన్నవే. మేము ఒక్కనాడూ వినలేదు. వినకుండా మేమే చేసుకున్నాం.

ఎఫెక్టులు చేసే పని

అప్పటి నుంచి ప్రతి బటనూ ఏం చేస్తుందో తెలుసుకోవడం మొదలుపెట్టాం. బటన్ పేరు తెలియడం వేరు, అది చేసే పని తెలియడం వేరు.

బావిలోకి వంగి కేకేస్తే గొంతు గుండ్రంగా, నిండుగా తిరిగొస్తుంది. గృహప్రవేశానికి ముందు ఖాళీగా ఉన్న కొత్త ఇంట్లో మాట్లాడినా అంతే. ధ్వని గోడలకు తగిలి లెక్కలేనన్ని చిన్న ముక్కలుగా వెనక్కి వచ్చి, అసలు ధ్వనితో కలిసిపోతుంది. రెవెర్బ్ అంటే అదే. డిజిటల్ పియానోలో తీగలు లేవు, సుత్తులు తీగలను కొట్టవు. మంచి పియానో ఒక్కొక్క స్వరాన్నీ ముందే రికార్డు చేసి లోపల దాచిపెడతారు. మనం మెట్టు నొక్కితే ఆ రికార్డు పలుకుతుంది. హెడ్‌ఫోన్స్‌లో వింటే అది చెవి పక్కనే పొడిగా వినిపిస్తుంది. దాని చుట్టూ ఒక గదిని కల్పించడం రెవెర్బ్ పని. దాన్ని అరువు తెచ్చుకున్న గది అనుకోండి. మనం నిజంగానే పెద్ద గదిలో ఉంటే ఇంకో గది అరువు తేనక్కర్లేదు. మా అనుభవంలో తేలిన లెక్క ఇది: హెడ్‌ఫోన్స్‌లో కొద్దిగా, మన భోజనాల హాలులో అసలు వద్దు, గోడలు లేని షామియానా కింద ఇంకాస్త. ఎక్కడికి వెళ్లినా ముందు రెండు చప్పట్లు కొట్టి ఆ గది ఎంత పలుకుతోందో విని, ఆ తర్వాతే బటన్ మీద చెయ్యి పెట్టాలి.

కోరస్ అనే ఎఫెక్టును అర్థం చేసుకోవాలంటే మన ఉదయం ప్రార్థన చాలు. వందమంది ఒకే పాట పాడతాం. ఎవరి శ్రుతీ, ఎవరి సమయమూ సరిగ్గా ఒకటి కావు. ఒకరు కాస్త ముందు, ఒకరు వెంట్రుకవాసి వెనక. ఆ చిన్న తేడాల వల్లే పాట దట్టంగా వినిపిస్తుంది. ఒక్క ధ్వనికే కొద్దిపాటి ఆలస్యం, కొద్దిపాటి శ్రుతిభేదం ఉన్న నకళ్లు కలిపి ఆ గుంపును యంత్రం సృష్టిస్తుంది. ఎలక్ట్రిక్ పియానో ధ్వనికి బాగుంటుంది. మామూలు పియానో ధ్వనికి పెడితే శ్రుతి తప్పిన వాయిద్యంలా ఉంటుంది.

రెండు ధ్వనులు కలపడంలో ఇంకో చిక్కు ఉంది. స్ట్రింగ్స్ ధ్వని నెమ్మదిగా పుంజుకుంటుంది. పియానో వెంటనే పలుకుతుంది. నడక వేగంగా ఉన్న పాటకు ఈ రెండూ కలిపితే స్ట్రింగ్స్ బండి ఎప్పుడూ ఒక స్టేషను వెనకే ఉంటుంది. పైగా యంత్రం ఒకేసారి పలికించగల స్వరాలకు ఒక హద్దు ఉంటుంది. మన పియానోకు అది 64. రెండు ధ్వనులు కలిపితే ఒక్క మెట్టుకే కనీసం రెండు ఖర్చవుతాయి. ఆ పైన పెడల్ తొక్కిపడితే పాత స్వరాలు చచ్చేలోపు కొత్తవి వచ్చి చేరతాయి. హద్దు దాటగానే పాతవి పుటుక్కున తెగిపోతాయి. యువజనోత్సవంలో మధ్యలో మంద్రస్థాయి మాయమైంది అందుకే. మేము స్పీకరు చెడిందనుకున్నాం.

కాబట్టి మా అభిప్రాయం ఇది. పాట మొదట ఏ ఎఫెక్టూ లేకుండా రావాలి. అలా వచ్చాక పెట్టుకునే ఎఫెక్టు పాటకు బట్ట. అలా రాకముందు పెట్టుకునేది ముసుగు.

కాలితో వాయించేది

ఇంత చెప్పినవాళ్లం పెడల్ మాత్రం కొనమని ఎందుకు అడుగుతున్నామని మీకు అనిపించవచ్చు. అదీ ఒక ఎఫెక్టే కదా అని మమ్మల్ని చాలామంది అడిగారు. కాదు. పెడల్ వాయిద్యంలో భాగం.

పియానోను సుమారు 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో బార్తొలొమెయో క్రిస్తొఫొరి తయారుచేశాడు. నిజమైన పియానోలో ప్రతి మెట్టుకూ ఒక సుత్తి, ఆ సుత్తి కొట్టే తీగలు, ఆ తీగల మీద ఆనుకొని ఉండే మెత్తని డ్యాంపర్ ఉంటాయి. మెట్టు నొక్కితే డ్యాంపర్ లేస్తుంది, తీగ మోగుతుంది. మెట్టు వదిలితే డ్యాంపర్ మళ్లీ తీగ మీద పడి ధ్వనిని ఆపుతుంది. కుడి పెడల్ తొక్కితే డ్యాంపర్లన్నీ ఒకేసారి లేస్తాయి. అప్పుడు వేలు తీసినా స్వరం ఆగదు. అంతేకాదు, మనం కొట్టని తీగలు కూడా కొట్టిన తీగకు స్పందించి సన్నగా మోగుతాయి. డప్పు పక్కన ఖాళీ బిందె పెట్టి దరువేస్తే బిందె కూడా గుయ్యిమన్నట్టు. పియానో నిండుదనం అక్కడిది. మంచి డిజిటల్ పియానోలు ఆ సన్నని మోతను కూడా కల్పించి వినిపిస్తాయి.

ఎడమ పెడల్ ధ్వనిని మెత్తబరుస్తుంది. గ్రాండ్ పియానోలో అది తొక్కితే సుత్తులు కొద్దిగా పక్కకు జరిగి, మూడు తీగలు కొట్టే చోట రెండే కొడతాయి. మధ్య పెడల్ తొక్కిన క్షణానికి ఏ మెట్లు కింద ఉన్నాయో వాటిని మాత్రమే నిలుపుతుంది. ఈ రెండూ మనకు ఇప్పుడే అక్కర్లేదు. కుడి పెడల్ ఒక్కటి చాలు.

కుడి పెడల్‌తో మేము పడ్డ పాట్లు చెబుతాం, తమ్ముళ్లకు పనికొస్తాయి. మొదట మేము చెయ్యీ కాలూ ఒకేసారి దించేవాళ్లం. అలా చేస్తే పాత స్వరం కొత్త స్వరంలోకి పాకుతుంది. పద్ధతి వేరే ఉంది. కొత్త కార్డు మీద చెయ్యి దిగే క్షణంలో కాలు లేవాలి. చెయ్యి దిగాక, మెట్లు కిందే ఉండగా, కాలు మళ్లీ దిగాలి. అంటే కాలు ఎప్పుడూ చేతికి అరక్షణం వెనక. కుట్టుమిషను తొక్కే అమ్మల చేతినీ కాలినీ గమనించినవాళ్లకు ఇది త్వరగా అర్థమవుతుంది. సి, ఎఫ్, జి, మళ్లీ సి. ఈ నాలుగు కార్డులూ రోజుకు పది నిమిషాలు, నెల రోజులు. మాకు పట్టిన సమయం అంతే. మడమ నేల మీదే ఉండాలి, పాదం ముందుభాగమే కదలాలి. చెప్పులు విప్పి తొక్కితే బాగా తెలుస్తుంది. మన టైల్స్ మీద పెడల్ జారిపోతుంది. కింద పాత సైకిల్ ట్యూబు ముక్క వేస్తే కదలదు.

మన పాటలకు ఇంకో జాగ్రత్త కావాలి. మన రాగాలు ఒకే వరుసలో నడుస్తాయి. స, రి పక్కపక్క స్వరాలు. పెడల్ తొక్కిపట్టి సరిగమ వాయిస్తే నాలుగూ కలిసి మోగి రాగం చచ్చిపోతుంది. కాబట్టి పాట వరుసను వేళ్లతోనే అంటిపెట్టి వాయించి, ఎడమచేతి కార్డు మారినప్పుడల్లా పెడల్ మార్చాలి. వడి గల చరణంలో కాలు పూర్తిగా తీసేయాలి.

చవక పెడల్ మామూలు స్విచ్చు లాంటిది. ఉంటే ఉంది, లేకపోతే లేదు. కాస్త మంచి పెడల్ సగం తొక్కుడును కూడా గుర్తిస్తుంది. అయితే దాన్ని అందుకునే శక్తి పియానోకూ ఉండాలి. కొనేముందు అది చూసుకోవాలి. పెడల్ మీద కాలు పెట్టి పియానో ఆన్ చేయకూడదు. చాలా యంత్రాలు ఆన్ అయిన క్షణంలో పెడల్ ఏ స్థితిలో ఉంటే దాన్నే "తొక్కని స్థితి" అనుకుంటాయి. ఆ తర్వాత అంతా తలకిందులే. తొక్కితే ఆగుతుంది, వదిలితే మోగుతుంది. మాకు ఇలాగే జరిగితే చెడిపోయిందని రిపేరు షాపుకు మోసుకెళ్లాం. అతను ఆపి, మళ్లీ ఆన్ చేసి, నూట యాభై తీసుకున్నాడు.

ఈ పెడల్ సంగతి మహామహులకూ తేలికైనది కాదు. బీథోవెన్ 1801లో రచించిన "మూన్‌లైట్" సొనాటా మొదటి భాగమంతా డ్యాంపర్లు లేపి వాయించమని రాశాడు. ఆనాటి పియానోల ధ్వని త్వరగా ఆరిపోయేది కాబట్టి అది చెల్లింది. నేటి పియానో మీద అక్షరాలా అలాగే చేస్తే స్వరాలు కలిసిపోతాయి. అందుకే ఇప్పటివాళ్లు చాలామంది పెడల్ మారుస్తూ వాయిస్తారు. వాయిద్యం మారితే కాలు కూడా మారాలి. రాసింది రాసినట్టు తొక్కడం కాదు, చెవితో తొక్కాలి.

దొంగతనం అన్న మాట

దీనికి పూర్తిగా అవతలి వైపు నిలబడ్డ అన్నలు కూడా ఉన్నారు. "బటన్లు నొక్కేది సంగీతమా? అది దొంగతనం" అంటారు. ఈ మాటతోనూ మేము ఏకీభవించలేం.

హార్మోనియాన్నే చూడండి. పారిస్‌లో 1842లో పేటెంటు పొందిన పరదేశీ పెట్టె అది. దాని మెట్ల మధ్య గమకాలు పలకవని, మన సంగీతానికి పనికిరాదని పెద్దలు తీర్పు చెప్పారు. ఆకాశవాణి 1940లో దాన్ని నిషేధించింది. 1971 దాకా ఆ నిషేధం సడలలేదు. ఆ ముప్పై ఏళ్లలో మన పల్లెల్లో ఏం జరిగింది? పద్యనాటకం హార్మోనియం మీదే నిలబడింది. భజన దాని మీదే సాగింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటకాల్లో హార్మోనియం లేనిదే తెర లేవదు. ఏ వాయిద్యం మర్యాద గలదో ఎక్కడో కూర్చున్నవాళ్లు తేల్చారు. ఏది తమకు పనికొస్తుందో వాయించేవాళ్లు తేల్చుకున్నారు.

సినిమా సంగీతం సంగతీ అంతే. పణ్ణైపురం అనే పల్లె నుంచి వచ్చిన ఇళయరాజా మద్రాసులో ధన్‌రాజ్ మాస్టారు దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకొని, ఆ పద్ధతిలోనే స్వరాలు రాశారు. తొమ్మిదేళ్లకే తండ్రిని పోగొట్టుకున్న రెహమాన్ ఇంటిని కొంతకాలం తండ్రి వదిలివెళ్లిన వాయిద్యాల అద్దె పోషించింది. చిన్నతనం నుంచి కీబోర్డు వాయించి, 1992లో "రోజా"తో సంగీత దర్శకుడయ్యారు. వీరిద్దరూ యంత్రాలను దూరం పెట్టలేదు. బటన్ నొక్కేముందు స్వరం తెలుసుకున్నారు. దొంగతనం బటన్‌లో ఉండదు.

మార్పిడి గురించి

ఇప్పుడు అసలు ప్రతిపాదనకు వద్దాం. రిథమ్ కీబోర్డు చెడ్డదని మేము అనడం లేదు. ఎడమచేత్తో ఒక కార్డు పట్టుకుంటే బేస్, డ్రమ్స్, గిటారు అన్నీ తనే వాయిస్తుంది. పెళ్లిళ్లలో, చర్చి పండుగల్లో, స్టేజీ కార్యక్రమాల్లో దానితో బతుకుతున్న మిత్రులు మాకు ఉన్నారు. అదీ ఒక విద్యే. ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్లు ఎలక్ట్రానిక్ కీబోర్డుకు, పియానోకు వేర్వేరు సిలబస్‌లతో పరీక్షలు పెడుతున్నారంటే ఆ రెండూ రెండు విద్యలని అర్థం.

కాని మన అవసరం ఏమిటి? ఏడాదికి ఒక్క రాత్రి స్టేజీ మీద వెలగడమా, మిగిలిన రోజుల్లో పదిమంది నేర్చుకోవడమా? బరువైన మెట్ల మీద నేర్చుకున్న చెయ్యి తేలిక మెట్ల మీద సులువుగా వాయిస్తుంది. తేలిక మెట్ల మీద నేర్చుకున్న చెయ్యి పియానో ముందు కూర్చుంటే తడబడుతుంది. స్టేజీకి రిథమ్ కీబోర్డు ఒక్కరోజు అద్దెకు దొరుకుతుంది. నేర్చుకోవడం అద్దెకు దొరకదు.

ఇంకొక మాట. కొత్త కీబోర్డులో డప్పు ధ్వని కూడా ఉంటుందని ఒక అన్న ఉత్సాహంగా చెప్పారు. అన్నా, మన హాస్టల్లో డప్పు ధ్వని ఎందుకు? డప్పే ఉంది, కొట్టేవాళ్లు ఉన్నారు. చలికాలం రాత్రి మంట దగ్గర డప్పు కాచి శ్రుతి చేసుకునే తమ్ముళ్లను కింద కూర్చోబెట్టి, బటన్‌తో దరువు వినిపిస్తే దాన్ని ఏమనాలి? పియానో పక్కన డప్పు నిలబడాలి. ఆ రెండింటికీ మధ్య ఏ ఎఫెక్టూ అక్కర్లేదు.

మనకెందుకివి అనేవాళ్లకు

"గ్రూప్స్‌కు చదువుకోవాల్సిన పిల్లలకు పియానోలు, పెడల్స్ ఎందుకు? ముందు మెస్ చార్జీల సంగతి చూడండి" అనే పెద్దలూ ఉన్నారు. మెస్ చార్జీలు పెరగాలని మేమూ అంటాం. పెరగాలని ధర్నాలోనూ కూర్చున్నాం. కాని కడుపు నిండేదాకా పాట ఆపమంటే మన తాతల నోట ఒక్క పాటా ఉండేది కాదు.

పీజీలో చేరాక ఒక క్లాస్‌మేట్ ఇంటికి వెళ్లాం. వాళ్లింట్లో నిజమైన పియానో ఉంది. వాయించమంటే వాయించాం. అతను మర్యాదగానే "మీరు పెడల్ లేకుండా నేర్చుకున్నారు కదూ?" అన్నాడు. ఎలా తెలిసిందని అడిగాం. "మీ వేళ్లు మెట్లను వదలడానికి భయపడుతున్నాయి" అన్నాడు. నిజమే. వేలు తీస్తే స్వరం ఆగిపోతుందన్న భయంతోనే మేము మూడేళ్లు వాయించాం. యువజనోత్సవంలో తొక్కింది అరువు పెడల్, అదీ నాలుగు రోజులే. కాలు కదపడం నేర్చుకున్నది మేము హాస్టల్ వదిలే ఏడాదిలో. వేళ్లకు పట్టిన ఆ భయం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. వెయ్యి, రెండు వేల రూపాయలకు దొరికే వస్తువు లేకపోవడం ఇంత దూరం వెంట వచ్చింది.

అదే పీజీలో మొదటి సెమినార్ కూడా గుర్తుంది. ఇంటర్నెట్‌లో దొరికిన పెద్దపెద్ద మాటలన్నీ పేర్చి పేపర్ చదివాం. అంతా విని సార్ ఒక్కటే అడిగారు: "ఇది నీ మాటల్లో చెప్పు." నోరు పెగల్లేదు. "పాట ఏది బాబూ" అన్న పెద్దాయనే మళ్లీ ఎదురుగా కూర్చున్నట్టనిపించింది. మా ఇళ్లలో డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్లం మేము. తప్పు పలికితే మనతోపాటు ఇంటిల్లిపాదీ తప్పినట్టు అనిపిస్తుంది. అందుకే వినబడకుండా దాచేది ఏది దొరికినా పట్టుకుంటాం. అది రెవెర్బ్ కావచ్చు, అరువు ఇంగ్లీషు కావచ్చు. కాని తప్పు వినబడినప్పుడే దిద్దుకోగలం. మన హాస్టల్లో, మనవాళ్ల మధ్య, నవ్వినా మర్నాడు పక్కన కూర్చొని అన్నం తినేవాళ్ల మధ్య తప్పు వినిపించుకోవడం కంటే మంచి చోటు ఇంకెక్కడ దొరుకుతుంది?

మా విన్నపాలు

పూర్వ విద్యార్థి అన్నలకు: మార్పిడి ఆలోచన ఈ ఏడాదికి ఆపండి. ఒక మంచి పెడల్, రెండు హెడ్‌ఫోన్స్, వీలైతే ఒక స్టాండు ఇప్పించండి. హెడ్‌ఫోన్స్ ఉంటే స్టడీ అవర్లో కూడా ఎవరి చదువూ చెడకుండా సాధన జరుగుతుంది.

వార్డెన్ సారుకు: హాలు తాళంచెవి రోజూ సాయంత్రం ఒక గంట సంగీతం తమ్ముళ్ల చేతికి ఇవ్వండి. ఒక రిజిస్టరు పెట్టండి. ఎవరు వాయించారో, ఏది చెడిందో అందులో రాస్తారు. దుప్పటి కింద దాచిన వాయిద్యం కూడా పాడవుతుంది, ఎవరికీ ఏమీ ఇవ్వకుండా పాడవుతుంది.

తమ్ముళ్లకు: ఈ వార్షికోత్సవానికి మీరు ఏ పాట వాయించినా దాన్ని ముందు ఒక్కసారి అన్ని బటన్లూ ఆపి, మా అందరికీ వినిపించండి. తప్పులు పోతే పోనివ్వండి. ఆ తర్వాత మీ ఇష్టమొచ్చిన హాలు, మీ ఇష్టమొచ్చిన స్ట్రింగ్స్ పెట్టుకోండి. పెడల్ ఈలోగా వస్తే సరే. రాకపోతే మా డబ్బులతోనే ఒకటి కొని, సైకిల్ ట్యూబు ముక్కతో సహా పట్టుకొస్తాం. స్కాలర్‌షిప్ పడితే మంచిదే, పడకపోయినా తెస్తాం.

వాయించేది ఎవరైనా ముందు వరసలో కూర్చుంటాం. పాట ఏదని అడగాల్సిన అవసరం రాకూడదని కోరుకుంటూ సెలవు.